తగ్గింపు బుట్టలో దొరికిన కిటికీ

మొన్న నెల సరుకుల కోసం మా ఆయనతో కలిసి సూపర్ మార్కెట్‌కు వెళ్ళినప్పుడు, బిల్లు కట్టే చోటికి కాస్త ఇవతల, అమ్ముడుపోని సరుకంతా కుప్పగా పోసి పెట్టే ఇనపతీగల బుట్ట దగ్గర నా కాళ్ళు వాటంతట అవే ఆగిపోయాయి. మోకాళ్ళ నొప్పులు వచ్చాక వంగడం కష్టమే అయినా, ఆ బుట్టలో చెయ్యి పెట్టి అడుగుదాకా కెలకకుండా ముందుకు నడవడం నాకు చేతకాదని మా ఆయనకు ఎప్పుడో తెలిసిపోయింది కనుక, ఆయన తోపుడు బండిని పక్కకు లాక్కుని, ఒక నిట్టూర్పు విడిచి, గోడకు ఆనుకుని నిలబడ్డారు. ఫోను తొడుగులు, జత తప్పిన సాక్సులు, మూత పగిలిన సబ్బుపెట్టెలు, వాటన్నిటి కింద గట్టిగా ఏదో చేతికి తగిలింది. పైకి తీస్తే పసుపుపచ్చ ప్లాస్టిక్ పెట్టె, అందులో గడియారాలు బాగుచేసేవాళ్ళు వాడే సన్నని స్క్రూడ్రైవర్లు. నేను మొట్టమొదట కొన్న పెట్టె కూడా అచ్చం ఇదే, రంగుతో సహా. అంతమంది తోసుకుంటూ పోతున్న చోట దాన్ని పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

నా ఈడు బళ్ళారి వాళ్ళకు గనుల కాలం గురించి నేను చెప్పనక్కరలేదు. సండూరు వైపు నుంచి, హోస్పేట వైపు నుంచి ఇనపరాయి లారీలు రాత్రనక పగలనక వరస కట్టి వస్తుంటే, ఆరేసిన తెల్లచీర సాయంత్రానికి ఎర్రబడటం, తలుపు వేసి ఉంచిన గదిలో కూడా బల్ల మీద వేలితో పేరు రాయగలిగినంత ధూళి పేరుకోవడం మనం చూసినవే. నిన్నటిదాకా సైకిలు మీద తిరిగిన మనిషి పెద్ద కారులోంచి దిగి, మనల్ని గుర్తుపట్టాలా వద్దా అని ఆలోచించడం కూడా మనం చూసినదే. ఊళ్ళో డబ్బు కదలాడిన ఆ రోజుల్లోనే అద్దాల తలుపులతో, చల్లని గాలితో మా ఊరికి పెద్ద సూపర్ మార్కెట్ వచ్చింది. ఏమీ కొనకపోయినా ఎండవేళ ఒక గంట లోపల తిరిగి రావడానికి జనం వెళ్ళేవారు. కొత్తగా లారీలు కొన్నవాళ్ళ ఇళ్ళ ఆడవాళ్ళు, బండి నిండిపోతే ఇంకో బండి తెప్పించుకుని మరీ నింపేవారు. నేను మాత్రం తిన్నగా తగ్గింపు బుట్ట దగ్గరికి వెళ్ళేదాన్ని.

నేను ఆడపిల్లల బడిలో డ్రాయింగు, చేతిపనులు నేర్పే టీచరుగా పనిచేశాను. అట్టతో, పుల్లలతో చిన్న చిన్న ఇళ్ళు, వంతెనలు, రైలు స్టేషన్లు చేయడం నాకు చిన్నప్పటి నుంచీ పిచ్చి. బళ్ళో ఉన్న పనిముట్లు అంటే మొద్దుబారిన కత్తెరలూ, ఎవరో పెద్దమనిషి ఇచ్చిపోయిన రంపమూ మాత్రమే. అసలైన నమూనాలు చేసేవాళ్ళ సామాను బెంగళూరులో దొరుకుతుందని విన్నాను గానీ, దాని ధర విన్నాక మళ్ళీ ఆ ఊసు ఎత్తలేదు. అలాంటిదానికి ఆ బుట్టలో రంధ్రాలు వేసే బుల్లి బరమా, సూదుల్లాంటి ఆకురాళ్ళు, అగ్గిపెట్టంత రంపం కనబడేసరికి ప్రాణం లేచి వచ్చింది. వాటిని ఎవరు తయారుచేశారో, ఏ దేశం నుంచి వచ్చాయో, ఎందుకు అమ్ముడుపోలేదో నాకు అనవసరం. నా చేతికి అందాయి, అంతే.

అయితే బుట్టలో సామాను కొనడం కూడా ఒక విద్యే, ఆ విద్యలో నన్ను మించినవాళ్ళు బళ్ళారిలో లేరని ఇప్పటికీ ధైర్యంగా చెప్పగలను. పట్టకారు కొనేముందు రెండు మొనలూ కలిపి దీపానికి ఎదురుగా పట్టి చూడాలి, మధ్యలో వెలుతురు కనబడితే అది పనికిరాదు. కటింగ్ ప్లేయర్ అయితే తెరిచి మూసి, కీలు దగ్గర ఊగిసలాట ఉందేమో చూడాలి. ఆకురాళ్ళ ప్యాకెట్లో సగం బాగుంటే చాలు, మిగతా సగం చీపురుపుల్లలకు సాటి. అన్నిటికన్నా పెద్ద రహస్యం ఏమిటంటే, నాకు కావలసిన మంచి పనిముట్లు పనిముట్ల వరసలో ఉండవు. కనుబొమలు తీర్చుకునే పట్టకారు, ఇనప సామాను డబ్బాలో వచ్చే దానికన్నా పదింతలు మేలు. గోళ్ళు అరగదీసుకునే బద్దలు సన్నని పుల్లలకు ఉప్పు కాగితం కంటే బాగా పనిచేస్తాయి. బట్టలు ఆరేసే క్లిప్పుల్ని విప్పి, చెక్కల్ని తిరగేసి మళ్ళీ బిగిస్తే జిగురు ఆరేదాకా గోడల్ని పట్టి ఉంచే బిగింపులు తయారు. కూరగాయలు తరిగే ప్లాస్టిక్ పలక మీద అట్ట కోసుకుంటే బల్ల పాడవదు. కట్టరు కత్తి బ్లేడు గడగడలాడుతుంటే, దాని గాడిలో బిస్కెట్టు కాగితం ముక్క దూరిస్తే ఇక కదలదు. ఇవన్నీ నాకు ఎవరూ నేర్పలేదు. మా ఆయన దువ్వెన, షేవింగు బ్రష్షు కూడా ఒక్కోసారి నా పనిబల్ల మీద తేలేవి, దాని గురించి ఆయన చేసిన రభస ఇక్కడ రాయను.

కౌల్ బజారులో మాకు తెలిసిన హార్డ్‌వేర్ కొట్టు సాయిబుకు మాత్రం ఈ వ్యవహారం నచ్చేది కాదు. మేకులు కొందామని పోయినప్పుడల్లా నా సంచిలోకి తొంగిచూసి, “అమ్మా, వో ఖిలోనా హై, పని సామాను కాదు. రెండు దినాలు గూడ రాదు సూడు,” అని పెదవి విరిచేవాడు. ఆ ఆటసామానుతోనే మా బడి కట్టడాన్ని, రైల్వే స్టేషన్ ముఖద్వారాన్ని, క్రిస్మస్‌కు మేం గుడి అని పిలుచుకునే మా చర్చిని గంటగోపురంతో సహా చేసి చూపించాను. ఆ గుడి నమూనా చూశాక సాయిబు పెదవి విరవడం మానేశాడు. పైగా తన కొట్లో అమ్ముడుపోక తుప్పుపట్టిన సన్న మేకుల పొట్లం ఊరికే ఇచ్చాడు.

వీటన్నిటికీ గోడలు దేనితో చేసేదాన్నంటే, పెళ్ళి శుభలేఖలతో. ఆ రోజుల్లో గనుల వాళ్ళ పెళ్ళిళ్ళ శుభలేఖలు మీకు గుర్తుండే ఉంటాయి, పెట్టెలో పెట్టి పంచేవారు, ఒక్కో అట్ట పలకంత మందం. మా బళ్ళో చదివే పిల్లల ఇళ్ళ నుంచి నాకు సంచుల కొద్దీ వచ్చేవి. బంగారు అక్షరాల వైపు లోపలికి తిప్పి అతికించి, పైన సున్నం రంగు వేస్తే అచ్చం గోడే. పెళ్ళి అయిన వాళ్ళెవరో, వాళ్ళు తర్వాత సుఖంగా ఉన్నారో లేదో నాకు తెలియదు గానీ, వాళ్ళ శుభలేఖలు మాత్రం నా దగ్గర ఇళ్ళుగా నిలబడ్డాయి.

ఇప్పుడు మా అక్క సంగతికి వస్తాను, ఇదంతా రాయడం మొదలుపెట్టింది దానికోసమే. అక్కను కౌల్ బజారులో ఒక ఇరుకు సందు పక్కనున్న పాత ఇంటికి ఇచ్చారు. ఇల్లు గట్టిదే, మనుషులు మంచివాళ్ళే, కానీ వంటింటికి కిటికీ లేదు. సందు వైపు గోడకు ఒక కిటికీ పెట్టిస్తే సరిపోయేదే, అయితే అక్క అత్తమ్మ ఒప్పుకోలేదు. సందులో పోయేవాళ్ళు మన కుండల్లోకి తొంగిచూస్తారని, మనం తినేదీ తిననిదీ ఊరంతా చెప్పుకుంటారని ఆమె భయం. అందువల్ల అక్క పెళ్ళయిన నాటి నుంచీ మిట్టమధ్యాహ్నం కూడా లైటు వేసుకునే వంట చేసింది. కరెంటు పోతే కొవ్వొత్తి. తాలింపు వేస్తే ఇల్లంతా దగ్గులు, అన్నిటికన్నా ముందు ఆమె దగ్గు. మా అక్క నోరు తెరిచి ఏదీ అడిగే మనిషి కాదు, అడగడం అంటే తగువు పెట్టుకోవడమే అనుకునే తరం ఆమెది. నాకూ ఆమెకూ మధ్య వయసు తేడా పెద్దగా లేదు గానీ ఈ ఒక్క విషయంలో మేము వేరు వేరు తరాల వాళ్ళం.

మా బావ పత్తి కొట్లో లెక్కలు రాసే ఉద్యోగం వదిలి, అప్పుచేసి ఒక లారీ కొన్నాడు. అది ఇంకో లారీని తెచ్చింది. బావ నడక మారింది, చొక్కా మారింది, మాట కూడా కొంచెం గట్టిపడింది. తర్వాత కప్పగల్లు రోడ్డులో జాగా తీసుకుని, ఇంజనీరు చేత ప్లాను గీయించి, ఒక ఆదివారం గుడి నుంచి వచ్చాక దాన్ని అన్నాల బల్ల మీద పరిచాడు. పెద్ద హాలు, సంఘం వాళ్ళంతా కూర్చుని ప్రార్థన కూటమి జరుపుకునేంత హాలు, దాని గురించే ఆయన మాట్లాడుతూ పోయాడు. అక్క ఆ కాగితం వైపు చూసి తలూపింది. మమ్మల్ని సాగనంపడానికి వీధిదాకా వచ్చి, మా ఆయన స్కూటరు తీసేలోపల, నా మోచేయి పట్టుకుని నెమ్మదిగా అడిగింది.

“పాపా, ఆ గీతలు నాకు తెలీలేదు. వంటింటికి కిటికీ ఉండాదా?”

నేను ప్లాను చదవగలను, అందుకే బావతో మాట్లాడతానని మాత్రం చెప్పి స్కూటరెక్కాను. లేదు. రోడ్డు పడమర వైపు ఉండటం వల్ల ఆ వైపంతా హాలు మింగేసింది, వంటిల్లు ఇంటి నడుమ మెట్లకింద ఇరుక్కుంది, బయటిగోడ అనేదే దానికి లేదు. కిటికీ ఉండవలసిన తూర్పు దక్షిణాల మూలలో బియ్యం బస్తాలకు గది గీశాడు ఆ ఇంజనీరు మహానుభావుడు. మర్నాడు బావను కదిలిస్తే, “ఏమ్మా, కిటికీ పెడితే ఎర్రమన్ను అన్నంలో పడదా? ఫ్యాను పెట్టిస్తాండా కదా, సుమ్నే ఉండు,” అని నన్ను ఊరుకోమన్నాడు. ఆయన మాటలో అబద్ధం లేదు. ఆ రోజుల్లో రోడ్డు పక్క ఇళ్ళ వాళ్ళందరూ కిటికీలు మూసి మేకులు కొట్టుకున్నవాళ్ళే. కానీ జీవితంలో ఒకే ఒక్కసారి కట్టుకునే ఇంట్లో కూడా మా అక్క చీకట్లోనే వండాలా అనుకుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. మాటలతో బావను గెలవలేను, ఆయనకు డబ్బు వచ్చాక ఎవరి మాటలూ సరిగ్గా వినబడటం లేదు. నాకు చేతనైన భాష వేరే ఉంది. అందుకే ఆ ఇంటిని చేస్తానన్నాను. కొత్తింటి బొమ్మ హాల్లో పెట్టుకుంటే వచ్చినవాళ్ళకు చూపించవచ్చని చెప్పేసరికి బావ పొంగిపోయి ప్లాను నకలు ఇచ్చాడు.

పైకప్పు మొత్తం మూతలా ఊడివచ్చేలా, లోపలి గదులు విడివిడి పెట్టెల్లా చేసి, అటూ ఇటూ జరపగలిగేలా పెట్టాను. అదే నా ఎత్తు. బుట్టలో దొరికిన ప్రతి పనిముట్టూ ఆ ఇంటికి పనిచేసింది. ఐస్‌క్రీము పుల్లల్ని చీల్చి ద్వారబంధాలు, చొక్కాల ప్యాకెట్టు మీది ప్లాస్టిక్‌తో అద్దాలు, జీన్సు కుట్టేవాళ్ళు పారేసిన గుడ్డతో పరదాలు. పని మొదలుపెట్టిన కొద్ది రోజులకే ఒక మధ్యాహ్నం అక్క అత్తమ్మ ఆటోలో మా ఇంటికి వచ్చింది. ఆమె మా సంఘంలో స్త్రీల సమాజానికి పెద్ద. రాహుకాలమని, దిక్కులని ఎవరైనా పొరపాటున నోరుజారితే నలుగురిలోనూ కడిగి ఆరేసే మనిషి. మజ్జిగ తాగి, ఆరోగ్యాలు అడిగి, బల్ల మీది ఇంటి చుట్టూ రెండుసార్లు తిరిగి, వంటింటి పెట్టె మీద వేలు పెట్టి, ఎటో చూస్తూ అంది.

“దీన్ని ఆ మూలకు పెడితే ఎట్లుంటాదమ్మా? వేరే ఏం లేదు, గాలి బాగుంటాదని.”

ఆమె చూపించిన మూల ఆగ్నేయం. ఆ మాట ఆమె అనలేదు, నేనూ అనలేదు. ఇద్దరమూ చాలాసేపు గాలి గురించే మాట్లాడుకున్నాం. ఆమె వెళ్ళాక తలుపు వేసుకుని పగలబడి నవ్వాను గానీ, నవ్వుతూనే గమనించాను, ఆగ్నేయం మూలకు పోతే వంటింటికి తూర్పున ఒకటి, దక్షిణాన ఒకటి, రెండు బయటిగోడలు వస్తాయి. రోడ్డు ధూళికి అది ఆమడ దూరం. మా అక్క కిటికీకి అంతకన్నా మంచి చోటు ఆ జాగాలోనే లేదు.

ఆ వారంలోనే బావ కూడా వచ్చాడు, ఒక్కడే. లారీ టైర్ల ధరల గురించి మాట్లాడి మాట్లాడి, లేచిపోయేటప్పుడు గడపలో నిలబడి, సింహద్వారం ఉత్తరానికి తిప్పితే ఎండ తక్కువ కొడుతుందేమో అన్నాడు. ఎండ కోసమేనమ్మా, ఇంకేం కాదు అని తనే రెండుసార్లు చెప్పాడు. తల్లికి చెప్పవద్దన్నాడు. తల్లి కూడా కొడుక్కు చెప్పవద్దనే అంది. మనవాళ్ళు ఈ ఒక్క విషయాన్ని గుడికీ ఇంటికీ మధ్య ఎక్కడో ఒక చోట దాచుకుంటారు. అది తప్పని నేను అనను, పునాది తవ్వేముందు ఎవరి గుండె వాళ్ళది. కానీ ఆ దాపరికం నా చేతికి అందించిన తాళంచెవిని వదులుకునేంత అమాయకురాలిని కాను.

ఇక మిగిలింది కిటికీ. దాన్ని నేను చేసినంత శ్రద్ధగా ఇంకేదీ చేయలేదు. రెండు రెక్కలు బయటికి తెరుచుకోవాలి, పైన గాలికి చిన్న జాలీ, కింద చెంబు పెట్టుకోవడానికి వెడల్పు గట్టు. బుల్లి బరమాతో బంధాలకు రంధ్రాలు వేసి, గుండుసూదులు తుంచి కీళ్ళు పెట్టాను. పనికిరాదని సాయిబు వెక్కిరించిన ఆకురాయితోనే రెక్కల అంచులు అరగదీశాను. గోరంత కిటికీ, కానీ వేలితో తోస్తే తెరుచుకునేది.

అక్క వాళ్ళింట్లో కుటుంబ ప్రార్థన అయిన సాయంత్రం, పాటల పుస్తకాలు తీసేసి, ఆ బల్ల మీదే ఇంటిని పెట్టాను. బావ అక్కాచెల్లెళ్ళూ వచ్చారు. అందరూ హాలును మెచ్చుకున్నారు. అప్పుడు పైకప్పు తీసి, గదిలో దీపం ఆర్పమని మా ఆయనతో చెప్పి, తగ్గింపు బుట్టలోనే కొన్న తాళాలగుత్తి టార్చిని తూర్పు వైపున పట్టి వెలిగించాను. ఇది పొద్దుటి ఎండ అని చెప్పాను. బస్తాల గదిలో వెలుగు పడింది, పడకగదిలో పడింది, నడుమనున్న వంటింటి పెట్టె మాత్రం బావిలా నల్లగా ఉంది. అత్తమ్మ గొంతు సవరించుకుని, ఆ పెట్టెను ఆ మూలకు జరిపి చూడండప్పా, గాలి బాగుంటాది అంది. బావ తల్లి వైపు వింతగా చూశాడు, తల్లి ఆ గది పైకప్పు వైపు చూసింది. బావే తన చేత్తో బస్తాల గదిని తీసి, వంటిల్లును మూలకు జరిపాడు. కిటికీలోంచి వెలుతురు లోపలి పొయ్యిగట్టు మీద సన్నగా, పొడుగ్గా పడింది.

అక్క అప్పటిదాకా గుమ్మంలోనే నిలబడి ఉంది. పిలవకుండానే వచ్చి, అందరి మధ్యలోంచి చెయ్యి చాచి, చూపుడువేలితో ఆ రెక్కను తోసింది. తెరుచుకుంది. మళ్ళీ మూసింది, మళ్ళీ తెరిచింది. “ఈడ నిలబడితే వాన గూడ కనిపిస్తాది,” అంది. ఆమె అన్నది అంతే. ఆ ముఖం చూశాక బావ ఎర్రమన్ను సంగతి పక్కన పెట్టాడు. మర్నాడు ఇంజనీరుకు ప్లాను మార్చమని కబురు వెళ్ళింది. ద్వారం ఉత్తరానికి, వంటిల్లు ఆగ్నేయానికి. ఎండ కోసం, గాలి కోసం. ఆ రాత్రి ఇంటికి వస్తూ స్కూటరు వెనక కూర్చుని నేను పాడుతూనే ఉన్నానని మా ఆయన ఇప్పటికీ ఎగతాళి చేస్తారు.

పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేసి పునాదిరాయి వేశారు. పిల్లర్లు లేచాయి. ఇనపకడ్డీలు ఆకాశంలోకి పొడుచుకుని నిలబడ్డాయి. ఆ తర్వాత జరిగింది మీ అందరికీ తెలిసిందే, కోర్టు ఆపమనేసరికి గనులు ఆగిపోయాయి, లారీలు రోడ్డు పక్కన వరసగా నిలిచిపోయాయి. ఎక్కడ చూసినా టైర్ల కింద రాళ్ళు పెట్టి ఆపిన లారీలే. బావ కొన్ని నెలలు ఆశతో ఉన్నాడు, తర్వాత ఒక లారీ అమ్మాడు, తర్వాత రెండోది, చివరికి పిల్లర్లతో సహా ఆ జాగానూ ఇచ్చేశాడు. మళ్ళీ లెక్కలు రాసే పనికే పోయాడు, ఈసారి వేరే కొట్లో. ఆయన తల ఎత్తి మాట్లాడటానికి చాలాకాలం పట్టింది. నేను చేసిన ఇల్లు కౌల్ బజారు ఇంట్లో బీరువా మీదికెక్కి, మీద పాత దుప్పటి కప్పుకుంది. వంటింట్లో లైటు మధ్యాహ్నం పూట వెలుగుతూనే ఉంది. ఆ రోజుల్లో అక్క దగ్గు వినబడితే, ఆశపెట్టకుండా ఉంటేనే బాగుండేదేమోనని నాకు దుఃఖం వచ్చేది.

ఒక ఆదివారం గుడి నుంచి వాళ్ళింటికే భోజనానికి వెళ్ళాం. మాటల్లో మాటగా బావ, దేవుడు కన్ను తెరిస్తే లారీలు మళ్ళీ తిరుగుతాయి, అప్పుడు ఇంతకన్నా పెద్ద ఇల్లే కడతాను అన్నాడు. అన్నం వడ్డిస్తున్న అక్క గిన్నె కింద పెట్టింది.

“ఇల్లేం వద్దు. ఆ బొమ్మలో ఉండాదే, ఆ కిటికీ ఒగటి నాకు పెట్టించండి, చాలు. ఈ గోడకే పెట్టించండి.”

నేను పుట్టి బుద్ధెరిగాక మా అక్క అలా అడగడం వినలేదు. సందులో పోయేవాళ్ళ సంగతి అత్తమ్మ ఎత్తుతుందేమోనని నేను మాటలు సిద్ధం చేసుకుంటున్నాను, కానీ ఆమె తలవంచుకుని అన్నం కలుపుకుంటూ ఉండిపోయింది. బావ నీళ్ళు తాగి, మేస్త్రీకి చెబుతాలే అన్నాడు.

మేస్త్రీకి చూపించడానికి నమూనా కావాలి కదా. బీరువా మీది నుంచి ఇంటిని దింపి, దుమ్ము దులిపి, అదే కట్టరు కత్తితో కిటికీ చుట్టూ జిగురు కోసి, అదే పట్టకారుతో, రెక్కలు విరగకుండా, నేనే దాన్ని బయటికి తీశాను. బుట్టలో సామాను రెండు రోజులు కూడా రాదన్న సాయిబు ఆ పూట అక్కడ ఉండి ఉంటే బాగుండేది. మేస్త్రీ దాన్ని అరచేతిలో పెట్టుకుని మొదట నవ్వాడు, తర్వాత తెరిచి మూసి చూశాడు, తర్వాత, ఇట్లే చేస్తాను తీయమ్మా అన్నాడు. గోడ పగలగొట్టిన రోజు వంటింట్లో మొదటిసారి వెలుతురు పడితే, పైన అటకంతా పట్టిన మసి చూసి అక్క సిగ్గుపడి, ఎవరినీ లోపలికి రానివ్వకుండా మర్నాటిదాకా కడుక్కుంది.

తర్వాత అత్తమ్మ మంచం వంటింటి గుమ్మం పక్కకు చేరింది. బైబిలు చదువుకోవడానికి ఇక్కడే వెలుతురు బాగుందని ఆమె అనేది. ఒకరోజు నా ముందే, “ఈ కిటికీ ముందే పెట్టింటే ఎంత బాగుండు, ఎవురొద్దన్న్యారో ఏమో,” అని కళ్ళజోడు సవరించుకుంది. అక్క తలుపు చాటుకు పోయి, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. ఆమె అలా నవ్వగలదని కూడా నాకు అప్పుడే తెలిసింది.

ఇప్పుడు కొత్తిళ్ళు కట్టేవాళ్ళు ఫోనులోనే ఇల్లంతా తిప్పి చూపిస్తారు. రంగులు, సోఫాలు, పైన తిరిగే ఫ్యానుతో సహా అన్నీ ఉంటాయి, వేలు పెడితే మాత్రం అద్దం తగులుతుంది. నమూనాలు చేసే కుర్రకారుకు పనిముట్లు ఇంటికే వస్తాయట, మొనలు సరిగ్గా కలిసేవి, బ్లేడు ఊగనివి. మంచిదే, నేను కాదనను. కానీ బుట్ట అడుగున చెయ్యి పెట్టి, ఏం దొరుకుతుందో తెలియక, దొరికినదాన్ని దీపానికి ఎదురుగా పట్టి చూసుకునే ఆ ఆనందం వాళ్ళకు తెలియదు. లారీల రద్దీ మునుపటంత లేదు, మా ఊరి చెట్ల ఆకులు మళ్ళీ ఆకుపచ్చగానే కనబడుతున్నాయి. ఆ పిల్లర్లున్న జాగాలో ఎవరో గోదాము కట్టారు.

ఆ బొమ్మ ఇల్లు ఇప్పుడు మా ఇంట్లో ఉంది. ఆగ్నేయం మూలలో, వంటింటి గోడకు ఒక బెజ్జం అలాగే ఉంది. నువ్వు చేయి తిరిగిన మనిషివే కదా, అరపూటలో ఇంకో కిటికీ చేసి పెట్టలేవా అని మా ఆయన అడుగుతూ ఉంటారు. చేయగలను. మొన్న బుట్టలో దొరికిన ఆ పసుపుపచ్చ పెట్టె కూడా కొనుక్కునే వచ్చాను. కానీ ఆ బెజ్జాన్ని పూడ్చడం నాకు ఇష్టం లేదు.

ఎందుకంటే, గోడకు పూత పూస్తున్న రోజు మా అక్క, మేస్త్రీ అటు తిరిగినప్పుడు, నా చిన్న కిటికీని పెద్ద కిటికీ పక్కనే తడి సిమెంటులోకి బొటనవేలితో నొక్కేసింది. ఇప్పటికీ అక్కడే ఉంది, రెక్కలు రెండూ తెరుచుకుని. లోకమంతా లారీల వెంట పరుగెత్తిన ఆ రోజుల్లో మా వాళ్ళు కలలుగన్న అంత పెద్ద ఇంట్లో, చివరికి నిజంగా కట్టుకున్నది ఆ కిటికీ ఒక్కటే. వాన వచ్చినప్పుడు అక్క పొయ్యి తగ్గించి అక్కడ నిలబడుతుంది.